పలక మీద రాసిన ప్రశ్నకు ఏం చెప్పాలి?

ప్రశ్న: మా ఆయనకు 54 ఏళ్లు. లారీ డ్రైవరు. గుట్కా అలవాటు ఉండేది. కుడి బుగ్గలో క్యాన్సర్ అని నిరుడు ఆపరేషన్ చేశారు, తర్వాత 30 సార్లు కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఆర్నెల్లకే మళ్లీ వచ్చింది. ఇప్పుడు దవడ తెరుచుకోదు, ముక్కులోంచి పైపు వేశారు, బుగ్గ మీద పుండు. డాక్టరు మా మరిదిని లోపలికి పిలిచి ఇక చేసేదేం లేదన్నారట. ఆయనకు చెప్పొద్దని ఇంట్లోవాళ్లు నాతో ఒట్టు వేయించుకున్నారు. ఆస్పత్రిలో నన్ను అటెండెంటు అంటారు, మందులు తేవడానికి తప్ప పిలవరు. నొప్పికి మార్ఫిన్ మాత్రలిచ్చారు. బాగా అరిస్తేనే వేస్తున్నాం. వేస్తే వాంతులు, అయిదు రోజులు విరేచనం లేదు. ‘ఇప్పుడే వాడేస్తే రేపటికేం మిగుల్తది’ అని ఆయనే వద్దంటున్నారు. వాసనకు సిగ్గుపడి గోడవైపు తిరిగి పడుకుంటారు. అంటుకుంటదని మా అత్త నా పక్క వేరే గదిలో వేయించింది. మాట అర్థం కావట్లేదని చిన్నోడి పలక ఇచ్చాం. మొన్న దాని మీద ‘నాకు తగ్గుతదా’ అని రాసి చూపించారు. నేను తడిగుడ్డ తెచ్చి తుడిచేశాను. నేనేం చెయ్యాలి?
— ఒక సోదరి, సూర్యాపేట జిల్లా

సమాధానం: అమ్మా, మీ మనసంతా ఆ పలక దగ్గరే ఉందని తెలుస్తోంది. అయినా మేం మాత్రల దగ్గర మొదలుపెడతాం. రాత్రంతా నొప్పితో మేలుకున్న మనిషితో ఏ మాటా సాగదు, ఆయన పక్కన మేలుకున్న మీకూ మాట్లాడే ఓపిక మిగలదు. ముందు రెండు మూడు రాత్రులు ఇద్దరూ నిద్రపోవాలి.

మార్ఫిన్ చీటీ ఒకసారి తీసి చూడండి. 10 మిల్లీగ్రాముల మామూలు మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలుంటుంది. అందుకే దాన్ని పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని గడియారం చూసి వేయమంటారు. నొప్పి వచ్చాక వేసే మందు కాదిది, రాకుండా వేసేది. అరిచేదాకా ఆగితే, మాత్ర పట్టు దొరకబుచ్చుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది, ఈలోపు నొప్పి ఎంత ముదురుతుందంటే అదే మాత్ర ఇక చాలదు. ‘ఈ మందు పనిచేయట్లేదు’ అని చాలా ఇళ్లలో అనుకునేది ఇక్కడే. రాత్రి రెండు గంటలకు లేపకుండా ఉండేందుకు పడుకునేముందు మోతాదు రెట్టింపు రాసే పద్ధతి ఉంది. మీ చీటీలో అలా లేకపోతే డాక్టరును అడగండి, సొంతంగా పెంచొద్దు. రెండు మోతాదుల మధ్య నొప్పి పొడుచుకొస్తే ఎంత వేయాలో కూడా చీటీ మీద రాయించుకోండి. అలా అదనంగా వేసిన ప్రతిసారీ టైము ఒక నోటుబుక్కులో రాయండి. రోజుకు మూడు నాలుగుసార్లు అదనం పడుతోందంటే అసలు మోతాదు చాలట్లేదన్నమాట, డాక్టరు ఆ లెక్క చూసే పెంచుతారు.

మామూలు మార్ఫిన్ మాత్రను మెత్తగా నూరి, కాసిని నీళ్లలో కలిపి పైపులో వేయొచ్చు. అట్ట మీద ‘ఎస్ఆర్’ అని ఉంటే మాత్రం నూరనే కూడదు. పన్నెండు గంటలు మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారి ఒంట్లోకి పోతుంది, ప్రమాదం.

వాంతులు సాధారణంగా మొదటి నాలుగైదు రోజులే. ఆ నాలుగు రోజులకు వాంతుల మందు కూడా రాయించుకుంటే గట్టెక్కుతారు. మగత కూడా అంతే, కొన్నాళ్లకు తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు. మార్ఫిన్ వాడినన్ని రోజులూ ఉంటుంది, కాబట్టి విరేచనం మందు కూడా అన్ని రోజులూ రోజూ పడాల్సిందే. మీకు అది రాయలేదో, రాసినా వేయలేదో చూసుకోండి. పైపు ఉన్న మనిషికి ఇంకో చిక్కుంది. అందరికీ రాసే బిసాకోడిల్ మాత్రకు పైపూత ఉంటుంది, నూరితే పాడవుతుంది. లాక్టులోజ్ లాంటి సిరప్ రాయమని అడగండి. ఇసబ్‌గోల్ జోలికి వెళ్లొద్దు, అది ఉబ్బి పైపునే మూసేస్తుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే ఫోన్ చేయండి. అయిదు రోజుల తర్వాత కొంచెం కొంచెం నీళ్లలా అవుతుంటే ‘విరేచనాలు పట్టుకున్నాయి’ అని మందు ఆపేయకండి. లోపల గట్టిపడిన మలం పక్కనుంచి నీరు కారుతున్నదేమో డాక్టరో నర్సో చేత్తో పరీక్షించి చెప్పాలి.

ఇక ‘రేపటికేం మిగుల్తది’ అన్న మాట. ఆయన భయం అర్థమైంది. కానీ మార్ఫిన్ పర్సులో డబ్బులాంటిది కాదు, ఇవాళ వాడితే రేపటికి తరిగిపోవడానికి. దానికి ఇంతకు మించి పనిచేయదన్న గీత లేదు. నొప్పి పెరిగితే మోతాదూ పెంచుతూ పోవచ్చు. నొప్పి కోసం టైము ప్రకారం నోటితోనో పైపుతోనో వేసుకునేవాళ్లు దానికి బానిసలు కావడం బహు అరుదు. సరైన మోతాదులో అది ప్రాణాన్ని తొందరపెట్టదు కూడా. ఒక్కటే జాగ్రత్త, హఠాత్తుగా ఆపకూడదు. ఆపితే చెమటలు, ఆవులింతలు, కడుపునొప్పి పుడతాయి. తగ్గించాలన్నా డాక్టరు చెప్పిన వరసలోనే తగ్గించాలి. నొప్పి ‘మంట’లా, చెవిలోకి ‘కరెంటు షాకు’లా కొడుతోందని ఆయన రాస్తే ఆ మాటలే డాక్టరుకు చెప్పండి. అది నరాల నొప్పి, దానికి మార్ఫిన్‌తోపాటు వేరే మాత్ర కూడా కలుపుతారు.

మందుల షాపులో మార్ఫిన్ ఎందుకు దొరకదని ఎవరైనా భయపెడితే కారణం ఇది: 1985 నాటి మత్తుమందుల చట్టం కింద దానికి లెక్కలు ఎక్కువ. 2014లో చట్టాన్ని సవరించాక గుర్తింపు ఉన్న ఆస్పత్రులు ఒకే అనుమతితో నిల్వ పెట్టుకుని ఇవ్వగలుగుతున్నాయి. మాత్రలు అయిపోవడానికి వారం ముందే వెళ్లండి. ఇంట్లో తాళం వేసి ఉంచండి, చిన్నపిల్లాడు ఉన్న ఇల్లు మీది.

పైపు గురించి మీరేం అడగలేదు కానీ దగ్గు, జ్వరం ఎక్కువగా అక్కడినుంచే వస్తాయి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మూడు దిండ్లు పెట్టి సగం కూర్చోబెట్టండి, పోశాక ఇంకో ముప్పావుగంట అలాగే ఉంచండి. 50 మిల్లీలీటర్ల సిరంజి పిస్టన్ తీసేసి, తలకంటే జానెడు ఎత్తులో పట్టుకుని దానంతటదే దిగనివ్వండి, నెట్టొద్దు. ఒక్కో విడతకు 200 నుంచి 250 మిల్లీలీటర్లు, పావుగంట సేపు, రెండు మూడు గంటలకోసారి. ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్లు. రాగిజావ, పప్పుకట్టు, పాలు ఏదైనా సరే, టీ జల్లెడలో వడకట్టాకే పోయాలి. ముక్కు దగ్గర పైపు మీద పెన్నుతో గీత పెట్టుకోండి. గీత బయటికి జరిగినా, పోస్తుంటే దగ్గొచ్చినా ఆపేయండి. పైపు ఊడితే మీరు తిరిగి తోయకండి. బలం రావాలంటూ చుట్టాలు ఇంకా ఇంకా పోయమంటారు. కడుపు ఉబ్బితే పోయొద్దు. ఈ దశలో ఎక్కువ పోస్తే బలం రాదు, వాంతి వస్తుంది.

ఇప్పుడు వాసన. ఆయన గోడవైపు తిరిగేది మీమీద కోపంతో కాదు. పుండు వాసన ముందు తగిలేది ఆయన ముక్కుకే. అగరుబత్తీలు, ఫినాయిలు దాన్ని కప్పవు, కొత్త వికారం తెస్తాయి. ఆ వాసన పుండులో పెరిగే సూక్ష్మక్రిములది. మెట్రోనిడజోల్ 400 మిల్లీగ్రాముల మాత్రను మెత్తగా పొడిచేసి, కడిగిన పుండు మీద రోజూ చల్లితే చాలామందికి కొద్దిరోజుల్లోనే మార్పు తెలుస్తుంది. మొదటిసారి నర్సు చేత చేయించుకుని చూసి నేర్చుకోండి. కడగడానికి అరలీటరు నీళ్లు మరిగించి చల్లార్చి ఒక టీస్పూను ఉప్పు వేస్తే చాలు, డెటాల్, పెరాక్సైడ్ వద్దు. పాత కట్టు ఎండి అంటుకుపోతే లాగకండి, అదే నీళ్లతో పది నిమిషాలు తడిపి ఊడదీయండి, లేకపోతే రక్తం కారుతుంది. కట్టు మార్చే టైము మార్ఫిన్ వేసిన ముప్పావుగంట తర్వాత పెట్టుకోండి. పాత నూలుచీర ముక్కలు ఉతికి, ఆరేసి, గిన్నెలో పెట్టి నీళ్లు తగలకుండా కుక్కర్లో ఇరవై నిమిషాలు ఆవిరి పట్టిస్తే శుభ్రమైన కట్లు తయారు. వాసన పీల్చుకునేందుకు మంచం కింద పళ్లెంలో వెలిగించని బొగ్గులు పెట్టండి. ఈగలు వాలకుండా దోమతెర కట్టండి. ఎప్పుడైనా పురుగు కనిపిస్తే మీరు చూసుకోవడంలో లోపమని కుమిలిపోవద్దు, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, తీయడానికి పద్ధతి ఉంది.

క్యాన్సర్ అంటుకోదు. ఆయన కంచంలో తిన్నా, ఆయన పక్కన పడుకున్నా రాదు. కరెంటు బయటినుంచి పెట్టింది, యంత్రం ఆపగానే అయిపోయింది, ఒంట్లో మిగలదు. ఒకవేళ ఎప్పుడైనా కీమో ఇస్తే మాత్రం రెండు రోజులు మూత్రం, వాంతి శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, అంతే. మీ అత్తగారు చెడ్డవారు కాదు, భయపడుతున్నారు. ‘డాక్టరు చెప్పాడు’ అంటే ఆమె వింటారు, కాబట్టి వచ్చేసారి ఆమెను కూడా ఆస్పత్రికి తీసుకెళ్లి ఆ మాట డాక్టరు నోటే చెప్పించండి.

మీ పక్క ఆయన గదిలోకి తెచ్చుకోండి. పుండు కుడి బుగ్గ మీద ఉంది కాబట్టి మీ చోటు ఆయన ఎడమవైపు. గోడవైపున్న మంచాన్ని ముందుకు జరిపితే ఆయన తిరగాలన్నా గోడ ఉండదు, మీరుంటారు. ఇంకో మాట. కట్టు మార్చడం, పైపు పోయడం, మలమూత్రాలు తీయడం అన్నీ మీరే చేస్తూ పోతే ఆయన కళ్లకు మీరు నర్సుగానే కనిపిస్తారు, మీకూ అలాగే అనిపించడం మొదలవుతుంది. రోజుకు రెండు కట్లలో ఒకటి మీ మరిదికో, పెద్ద పిల్లలెవరైనా ఉంటే వాళ్లకో నేర్పండి. డాక్టరుతో మాట్లాడే బాధ్యత తీసుకున్న మనిషి వారానికి రెండు రాత్రులు కూడా తీసుకోవాలని అడగడంలో తప్పేం లేదు. పొద్దున కట్టు అయ్యాక అరగంట ఏ పనీ పెట్టుకోకండి. తల దువ్వండి, చెయ్యి పట్టుకోండి, పేపరు చదివి వినిపించండి. భార్యాభర్తల దగ్గరితనం జబ్బుతో ఆగిపోవాలన్న రూలేం లేదు. ఎంతవరకు, ఎలా అన్నది మీ ఇద్దరిది, నొప్పి లేని పూట చూసుకుంటే చాలు.

ఇక పలక.

మీరు తుడిచేసినందుకు మిమ్మల్ని తప్పుపట్టం. కానీ ఆయన ఆ ప్రశ్న రాశాడంటే ఆయనకు సగం తెలుసనే. అద్దంలో పుండు కనిపిస్తోంది, చికిత్స ఆగింది, గదిలోకి రాగానే అందరూ మాట మారుస్తున్నారు. ఇంట్లో అందరికీ తెలిసి ఆయనొక్కడికే తెలియనట్టు నటించాల్సిరావడంలో ఉన్న ఒంటరితనం నొప్పికన్నా తక్కువేం కాదు. మీరిచ్చిన ఒట్టు పోతుందని బాధపడుతుంటే ముందు మీ మరిదితో ఇలా మాట్లాడండి: ‘మేం చెప్పడం కాదు, ఆయనే అడుగుతున్నాడు. అబద్ధం నేను చెప్పలేను.’ దాంతోపాటు గట్టి కారణం ఇంకోటి ఉంది. లారీ మీద ఫైనాన్సు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు ఖాతాలో నామినీ పేరు, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరినుంచి రావాలి అన్నవన్నీ ఆయన తలలో ఉన్నాయి. తెలియని మనిషి సంతకాలు పెట్టడు. మొదట ఈ కారణానికి మెత్తబడి, తర్వాత మిగతాదానికి ఒప్పుకునే అన్నదమ్ములు చాలామంది.

నొప్పి రెండు మూడు రోజులు అదుపులో ఉన్నాక, పొద్దున పది గంటల మోతాదు పనిచేసే టైములో, టీవీ ఆపేసి, పిల్లల్ని బయటికి పంపి, ఎడమవైపు కూర్చోండి. పలక తిరిగి ఆయన చేతికివ్వండి. మీరు చెప్పడం మొదలుపెట్టొద్దు, అడగండి: ‘మొన్న నేను తుడిచేశాను, భయపడి. మీకేమనిపిస్తుంది?’ తర్వాత ఆగండి. దవడ బిగిసిన మనిషి బలపం పట్టుకుని రాయడానికి టైము పడుతుంది, ఆ మౌనాన్ని మీరు నింపకండి. ‘తగ్గదనిపిస్తుంది’ అని రాస్తే ‘అవును, జబ్బును పోగొట్టే మందు ఇక లేదన్నారు. నొప్పి తగ్గించే మందు ఉంది, అది ఆగదు. నేనెక్కడికీ పోను’ అనండి. అంతకు మించి ఆ పూట అక్కర్లేదు. ‘ఎన్ని రోజులు’ అని రాస్తే అంకె చెప్పకండి, మీ మరిది మీకేదైనా అంకె చెప్పి ఉన్నా సరే. నెలలా, వారాలా అన్నంతవరకే డాక్టర్లు కూడా అంచనా వేయగలరు, అది ఆయన కోరితే ఆయన ముందే చెప్పమని అడగొచ్చు. ఆయన పలక పక్కన పెట్టేసి కళ్లు మూసుకుంటే వదిలేయండి. తెలుసుకోకుండా ఉండడం కూడా ఆయన హక్కే. మళ్లీ అడిగినప్పుడు చూద్దురుగాని. ఆయన ఏడిస్తే మీరు ఏడవకూడదని నియమం లేదు. ‘తగ్గుతుందిలే’ అని మాత్రం ఇక అనొద్దు, అంటే ఆయన మళ్లీ మిమ్మల్ని అడగరు.

ఆస్పత్రి విషయానికొస్తే, మీరు అటెండెంటు కారు, భార్య. రోగి స్పృహలో, తెలివితో ఉన్నప్పుడు జబ్బు వివరాలు ముందు ఆయనవి. వచ్చేసారి లోపలికి ముగ్గురూ వెళ్లండి: ఆయన, మీరు, మీ మరిది. కాగితం మీద నాలుగు ప్రశ్నలే రాసుకెళ్లండి: ఇప్పుడిచ్చే మందులు దేనికి? నొప్పి పెరిగితే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి? రక్తం కారితే ఇంట్లో ఏం చేయాలి? దగ్గర్లో పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే వైద్యం) ఎక్కడ? కేసు కాగితాల నకళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది, రాతపూర్వకంగా అడగండి. ‘ఇక చేసేదేం లేదు’ అన్న మాట క్యాన్సర్ చికిత్సకే వర్తిస్తుంది, బాధ తగ్గించే వైద్యానికి కాదు. తెలంగాణలో జిల్లా ప్రభుత్వాస్పత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి, వాటినుంచి ఇంటికి వచ్చి చూసే వాహనాల పేరు ‘ఆలన’. మీ జిల్లా ఆస్పత్రిలో ఆ కేంద్రం గురించి అడగండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలోనూ పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. వెంటిలేటర్, ఐసీయూ వద్దని ఆయనకు ఉంటే ఆ కోరిక రాసి పెట్టుకునే వీలును సుప్రీంకోర్టు 2018లో ఇచ్చింది, 2023లో సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. తన తరఫున నిర్ణయం ఎవరు తీసుకోవాలో కూడా అందులో రాయొచ్చు. ఆయన మీ పేరు రాస్తారేమో అడిగి చూడండి.

మీ సంగతి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. బీపీ, షుగర్ మాత్రలుంటే మీవి ఆయన మందుల డబ్బాలోనే ఒక అరలో పెట్టుకోండి, ఆయనకు వేసేటప్పుడు గుర్తొస్తుంది. నిద్ర పట్టక, బతకాలని లేదన్నట్టు అనిపిస్తే మనసు బాధలు వినే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు (14416) ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులడగరు.

ఈ కింది వాటికి మాత్రం ఆగకండి. పుండునుంచి ధారగా రక్తం వస్తే మడిచిన గుడ్డతో గట్టిగా అదిమి 108కి ఫోన్ చేయండి. ఇందుకోసం ముదురురంగు తువ్వాళ్లు రెండు మంచం దగ్గర ఇప్పుడే పెట్టుకోండి, తెల్లగుడ్డ మీద రక్తం చూస్తే ఆయనా మీరూ ఇంకా బెదిరిపోతారు. పిలిచినా లేవనంత మగత ఉంటే, ఊపిరి నిమిషానికి పదికన్నా తగ్గితే, కాళ్లూచేతులూ ఉలిక్కిపడుతున్నట్టు కొట్టుకుంటుంటే తర్వాతి మార్ఫిన్ వేయకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి. ఊపిరి గురకపెట్టి ఆగి ఆగి వచ్చినా, పైపు పోశాక జ్వరంతో ఆయాసం వచ్చినా అంతే.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు నోటుబుక్కు, మాత్రల అట్టలు, పాత రిపోర్టులతోపాటు పలక, రెండు బలపాలు కూడా సంచిలో వేసుకోండి. డాక్టరు ముందు ఆయన అడగాలనుకున్నది ఆయనే రాసి చూపిస్తారు.